పెళ్ళివారింటి ముందు ఆగిన చావు కబురు

కిందటి మంగళవారం పొద్దున్నే కాఫీ తాగి కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నానో లేదో, ఒకప్పుడు నా దగ్గర జూనియరుగా పనిచేసి ఇప్పుడు సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న అమ్మాయి ఒక తీర్పు ఫోనుకు పంపించింది. పై కోర్టువారు ఈమధ్యే చెప్పిన తీర్పట, దానిమీద రెండు పేజీల వ్యాఖ్య శుక్రవారంలోగా కావాలట. పాతికేళ్ళుగా నేను బెజవాడ వకీళ్ళు నడుపుకొనే చిన్న పత్రిక ఒకదానికి తీర్పుల మీద వ్యాఖ్యలు రాస్తున్నాను, ఇప్పుడు ఆ పత్రిక చూసుకునేది ఈ అమ్మాయే. ఎంతమంది చదువుతారో తెలియదుగాని మా ఆవిడ మాత్రం చదవదు. ఎవరో పోట్లాడుకుని ఎవరో తీర్పు చెబితే మధ్యన మీకెందుకండీ నొప్పి అంటుంది.

తీర్పు మంచిదే. భర్త పోయిన ఆడమనిషి మూల కూర్చుని నెలల తరబడి గడప దాటకపోవడం మన ఇళ్ళలో ఉన్న ఆచారమే కనుక, ఆ కారణాన కోర్టుకు ఆలస్యంగా వస్తే మన్నించాలని, గడువు దాటిందన్న ఒక్క మాట మీద తలుపు మూసెయ్యడం న్యాయం కాదని చెప్పారు. ఇన్నాళ్ళకు బుద్ధి వచ్చిందయ్యా అనుకుంటూ చదువుకుంటూ పోయి పదమూడో పేజీ దగ్గర ఆగిపోయాను. అక్కడ ఒక పాత తీర్పు ప్రస్తావన ఉంది. ఇలాంటి పరిస్థితిలోనే ఒక విధవరాలికి పూర్వం మన్నింపు దొరకలేదు కదా అని అవతలి వకీలు ఎత్తిచూపితే, ఆ కేసు వేరు, ఆ స్త్రీ ప్రమాణం చేసి కోర్టుకు అబద్ధం చెప్పింది, ఆమెకు ఆ తీర్పు తగినదే అని జడ్జీగారు పక్కకు పెట్టారు. అంటే లోకంలో విధవరాళ్ళందరికీ తెరిచిన తలుపు ఆవిడ ఒక్కదానికి మూసే ఉంచారన్నమాట. ఆవిడ పేరు, ఇంటిపేరుతో సహా, అక్కడ ఉంది.

ఆవిడ అబద్ధమాడలేదు. ఆ సంగతి తెలిసినవాణ్ణి ఈ భూమ్మీద ఇప్పుడు నేనొక్కణ్ణే. శుక్రవారానికి వ్యాఖ్య రాసి ఇచ్చేశాను, చట్టం వరకు ఎంత రాయాలో అంతా రాశాను. చివర ఈ సంగతి ఒక పేరా జోడిస్తే, ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా, మాస్టారూ ఇది వ్యాఖ్య కిందకు రాదేమోనండీ అని తీసేసింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, నిజంగానే రాదు. అందుకని నా ఈడువాళ్ళు నలుగురు చదువుతారన్న ఆశతో ఇక్కడ చెప్పుకుంటున్నాను.

నలభై ఏళ్ళ కిందటి మాట. మా సీనియరుగారి ఇల్లు సూర్యారావుపేటలో ఉండేది. ఇల్లూ ఆఫీసూ ఒకటే, వీధి గదిలో చట్టం నడుస్తుంటే వెనక నుంచి పోపు వాసన వచ్చేది. ఆ రోజుల్లో జూనియరంటే సగం వకీలు, సగం ఇంటి మనిషి. సీనియరుగారి భార్యను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి, పొద్దున కోర్టులో వాయిదాలు అడిగి సాయంత్రం ఆవిడకు కూరలు తెచ్చిపెట్టేవాణ్ణి, అందులో నామోషీ ఉందని నాకుగాని మరెవరికిగాని తోచేది కాదు. పని నేర్పేవాడు తండ్రితో సమానమని మా నాన్న చెప్పి పంపించాడు. ఆయన నిజంగానే కన్నకొడుకులా చూసుకున్నారు, అదే తర్వాత నా పాలిట చిక్కయింది.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. ఏ కేసు సంగతైనా సరే సీనియరుగారి ఎర్రట్ట డైరీలో, ఆ కేసు వాయిదా తారీకు పేజీలో మాత్రమే రాయాలి. కేసు కాగితాల కట్టను వాయిదాకు ముందు రోజు సాయంత్రమే బీరువాలోంచి తీసి తాడు విప్పాలి. అంతకు ముందు విప్పితే ఒక కట్టలో కాగితం ఇంకో కట్టలోకి పోతుందని ఆయన భయం, ఆ భయానికి తగ్గ అనుభవాలు ఆయనకు ఉన్నాయి కూడా. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, బెజవాడలో సగం ఆఫీసులు అలాగే నడిచేవి. వాయిదాకూ వాయిదాకూ మధ్య కేసు నిద్రపోతుంది, దాన్ని ఎవరూ లేపరు.

ఆ బీరువాలో నిద్రపోతున్న కట్టల్లో కంకిపాడు అవతల ఒక ఊరి నేతగాడిది ఒకటి. తండ్రి కట్టిన మగ్గాల పాక ఒకటి ఉంది, అందులో అన్నదమ్ములిద్దరికీ రెండు గుంట మగ్గాలు. అన్న నేత మానేసి వ్యాపారంలో దిగి, తమ్ముడికి చెప్పకుండా పాక మొత్తాన్ని ఒక సిమెంటు వర్తకుడికి అమ్మేశాడు. గుంట మగ్గమంటే మంచంలాగ ఎత్తి పక్కింట్లో వేసుకునేది కాదు. నేల తవ్వి, కాళ్ళు అందులోకి దించి కూర్చుని నేసేది, నేల పోతే మగ్గమూ పోయినట్టే. తమ్ముడు తన సగం తనకు ఇప్పించమని దావా వేశాడు. కాగితాలన్నీ మనవైపే ఉన్నాయని, గెలిచే కేసని సీనియరుగారు అంటుండేవారు. ఆ తమ్ముడు నవ్వు మొహం మనిషి. వాయిదాకు వస్తే భార్యనూ, ఆరేడేళ్ళ కూతుర్నీ కూడా తీసుకొచ్చేవాడు. ఆవిడ అరుగు మీద కూర్చుని లోపల మాటలు శ్రద్ధగా వినేది, ఒక్క మాటా మాట్లాడేది కాదు.

మాఘమాసం ఆఖర్లో ఆ మనిషి పోయాడు. జ్వరమని కంకిపాడు ఆసుపత్రికి తీసుకెళ్తే మూడు రోజుల్లో అయిపోయిందట. మాకా సంగతి తెలియదు. సీనియరుగారి రెండో అమ్మాయి పెళ్ళి ఫాల్గుణంలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ తలమునకలుగా ఉన్నాం. వాకిట్లో తాటాకు పందిరి వేసి, రాట పాతి, పసుపు దంచడం కూడా అయింది. పెళ్ళి నాలుగు రోజులుందనగా నేను బజారు నుంచి సైకిలు మీద అరటాకుల కట్టతో వస్తుంటే, ఎదురుగా గోలీసోడా కొట్టు పక్కన, గోడకు దాదాపు అతుక్కుని, తల మీంచి కొంగు కప్పుకున్న ఆడమనిషి నిలబడి ఉంది. దగ్గరికి వెళ్తే గాని ఆనవాలు పట్టలేకపోయాను. నుదుటన బొట్టు లేదు.

"మా ఆయన పోయారండీ బాబుగారూ. ఇవాళ్టికి పదిహేనో రోజు. కేసు వదలొద్దు, అయ్యగారికి కబురు చెయ్యమని పోయేముందు చెప్పారు. పందిరేశారు గదండీ, నేను లోపలికి రాకూడదు. మీరు కాస్త ఆయన చెవిన వేస్తారా?"

పదిహేనో రోజున గడప దాటడం వాళ్ళ వీధిలో పెద్ద తప్పు. ఎవరూ లేవకముందే మొదటి బస్సు పట్టుకుని వచ్చిందట, పందిరి చూసి అప్పటికి రెండు గంటలుగా అక్కడే నిలబడి ఉందట. వాది పోతే తొంభై రోజుల్లో వారసులు మేమున్నామని కోర్టులో దరఖాస్తు వేసుకోవాలి, లేకపోతే మనిషితో పాటు దావా కూడా పోతుంది. అది ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. పెళ్ళివారింట్లో చావు మాట ఎత్తకూడదని కూడా తెలుసు, ఆ క్షణంలో నాకు రెండోదే పెద్దదిగా కనిపించింది. శుభకార్యం కానివ్వండమ్మా, నేను చెప్తాను, మీరు మళ్ళీ ఇంత దూరం రానక్కరలేదు అన్నాను. ఆవిడ దండం పెట్టి, పందిరి వైపు మొహం తిప్పకుండా గోడ వెంబడే వెళ్ళిపోయింది.

మామూలుగా అయితే డైరీలో రాయాలి. ఆ వారమంతా డైరీ బల్ల మీద శుభలేఖల పక్కన ఉంది, పిన్నిగారు దానికీ పసుపు చుక్క పెట్టారు. దాంట్లో చావు అనే మాట రాయడానికి చెయ్యి రాలేదు. చిన్న చీటీ మీద వాది పోయిన తారీకు, వారసుల దరఖాస్తు వెయ్యాలని రాసి, కట్ట తాడు సందులోంచి లోపలికి తోసి బీరువా మూశాను. ఎంత తెలివిగా సర్దానో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఆ తర్వాత పెళ్ళయింది, పదహారు రోజుల పండుగయింది, కొత్త దంపతులతో అందరూ తిరుపతి వెళ్ళొచ్చారు, వేసవి సెలవులొచ్చాయి, ఆషాఢానికి అమ్మాయి పుట్టింటికి వస్తే ఇల్లంతా మళ్ళీ సందడి. కేసు వాయిదా శ్రావణంలో. శుభకార్యం కానివ్వండి అన్నవాణ్ణి అది అయ్యాక చెప్పాలా వద్దా అంటే, మరిచిపోయాననే చెప్పాలి, అంతకన్నా గొప్ప కారణమేదీ నా దగ్గర లేదు. వాయిదా ముందు రోజు సాయంత్రం పద్ధతి ప్రకారం కట్ట విప్పితే చీటీ ఒళ్ళో పడింది. తొంభై రోజులూ దాటాయి, ఆ పైన చట్టం ఇచ్చే అరవై రోజులూ దాటాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు వేళ్ళు మడిచి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాను.

చీటీ జేబులో పెట్టుకుని సీనియరుగారి దగ్గరికి వెళ్ళి, ఈ కేసులో వాది పోయాడటండీ అన్నాను. ఆయన ఉలిక్కిపడి ఎప్పుడు తెలిసిందిరా అన్నారు. ఇవాళేనండీ అన్నాను. నా జన్మలో నేను ఆడిన అబద్ధాలు చాలా ఉన్నాయి, వకీలుని గదా, కానీ తడుముకోకుండా వచ్చింది అదొక్కటే. ఆయన కోప్పడతారని కాదు. కొడుకులా చూసుకున్న మనిషి మొహంలో నా మీద నమ్మకం పోవడం చూడలేననిపించింది.

ఇక ఆ అబద్ధం మీదే మిగతాదంతా కట్టాం. ఆలస్యం మన్నించమని దరఖాస్తు, దానికి తోడు ఆవిడ పేర ఇంగ్లీషులో అఫిడవిట్. భర్త పోయినప్పటి నుంచి గడప దాటలేదనీ, కేసుకు గడువుందన్న సంగతే తెలియదనీ, ఎవరికీ చెప్పుకోలేదనీ సీనియరుగారు నేను చెప్పినదాన్ని నమ్మి చెబుతుంటే నేనే రాశాను. దాన్ని తీసుకుని నేనే ఆ ఊరు వెళ్ళాను. ఆవిడ వెనక గదిలో ఒక మూల చాప మీద కూర్చుని ఉంది, కూతురు పక్కన పలక మీద ఏదో దిద్దుకుంటోంది. ఏం రాశారు బాబూ అని అడిగింది. మామూలేనమ్మా అన్నాను. వేలిముద్ర వేసింది. అలాంటి కాగితం కింద, ఇందులోని సంగతులు ఆమెకు చదివి వినిపించి తెలుగులో వివరించడమైనది అని వకీలు సంతకం చెయ్యాలి. చేశాను.

విచారణ నాడు ఆవిడ మొదటిసారి కోర్టు బోనెక్కింది. అవతలి వకీలు పెద్దగా ఏమీ అడగలేదు. ఆవిడ బావగారి బామ్మర్దికి కంకిపాడులో బస్సులు ఆగే చోట సైకిలు షాపు ఉంది, ఆ పొద్దున మొదటి బస్సెక్కుతుంటే చూశాడు, అంతే వాళ్ళకు కావలసింది.

"భర్త పోయిన పదిహేనో రోజున బెజవాడ వచ్చావా లేదా?"

"వచ్చానండి."

"ఎందుకొచ్చావు?"

"కేసు సంగతి అయ్యగారికి చెబుదామనండి."

"ప్లీడరుగారి ఇంట్లోకి వెళ్ళావా?"

"లేదండీ. పెళ్ళివారిల్లు. గుమ్మం తొక్కలేదు."

అడిగినంత వరకే చెప్పింది, చెప్పిందంతా నిజం. అఫిడవిట్‌లో ఏముందో ఆవిడకు తెలియదు కనుక, తన నోటితోనే తన కాగితాన్ని కొట్టేస్తున్నానని కూడా తెలియదు. జడ్జీగారు తలెత్తి ఒకసారి ఆవిడ వంక చూసి ఏదో రాసుకున్నారు. మా సీనియరుగారు తెల్లబోయి నా వైపు వంగి, మరి వచ్చి ఎవరితోనైనా మాట్లాడిందేమో, తిరిగి అడిగి చెప్పించనా అన్నారు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆవిడ వేలు నా వైపు చూపించేది, కేసు నిలిచేది. నేను తల అడ్డంగా ఊపాను. వద్దండీ అన్నాను.

వరండాలోకి వచ్చాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, నేను సరిగ్గానే చెప్పానా బాబూ అని అడిగింది. సరిగ్గానే చెప్పారమ్మా అన్నాను.

దరఖాస్తు కొట్టేశారు. అబద్ధపు ప్రమాణంతో వచ్చిన మనిషి మీద దయ చూపనక్కరలేదని రాశారు. హైదరాబాదు హైకోర్టుకు వెళ్ళాం, అక్కడ పావుగంటలో అయిపోయింది. కోర్టుకెక్కితే గెలిచినవాడు ఓడినట్టు, ఓడినవాడు చచ్చినట్టు అంటారు గాని, ఇక్కడ గెలిచినవాడు నిజంగానే గెలిచాడు. పాక పీకించి, మగ్గాల గుంటలు రాళ్ళూ ఇసుకా పోసి పూడ్చి, పైన సిమెంటు గోడౌను వేశారు. సీనియరుగారు మాత్రం అంత మంచి మనిషి ఎందుకలా అబద్ధం చెప్పించిందిరా మనచేత అని చాన్నాళ్ళు నొచ్చుకున్నారు. ఆయన కాలం చేసేదాకా అలాగే అనుకున్నారు.

హైకోర్టు వారి ఆ చిన్న ఉత్తర్వు ఎవరో లా రిపోర్టులో అచ్చు వేయించారు. దాంతో అది బతికింది. మన జిల్లాలో ఏ విధవరాలు ఆలస్యంగా వచ్చినా అవతలివాళ్ళు ఆ పుస్తకం తెరిచేవారు. ఒకసారి గుడివాడ కోర్టులో, నేను ఇంకొక పేదరాలి తరఫున నిలబడి ఉండగా నా మీదే తెరిచారు. ఆ తీర్పు వెనక నిజం ఇదీ అని చెప్పగలిగినవాణ్ణి, ఆ పేజీ నంబరు రాసుకుని కూర్చున్నాను. ఆ కేసూ పోయింది. ఇన్నేళ్ళ నా వ్యాఖ్యల్లో ఆలస్యం మన్నింపు గురించి ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు, ఆ తీర్పును మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. నందిగామ నుంచి ఒక పెద్ద వకీలుగారు, తమరు ముఖ్యమైన తీర్పు ఒకటి వదిలేస్తున్నారు అని కార్డు కూడా రాశారు. మరపు అని జవాబు రాశాను.

ఆవిణ్ణి మళ్ళీ ఒక్కసారే చూశాను, పదేళ్ళ తర్వాత. ఏలూరు నుంచి వస్తుంటే హనుమాన్ జంక్షన్‌లో బస్సు చెడిపోయి దిగాల్సి వచ్చింది. ఒక బట్టల కొట్టు వెనక వసారాలో మిల్లు చీరలకు ఫాల్స్ కుడుతూ కనిపించింది. నన్ను చూడగానే కుట్టు పక్కన పెట్టి లేచి నిలబడింది, ఆ కొట్టువాళ్ళ చేత టీ తెప్పించింది. కోపమన్నది ఆ మొహంలో ఎక్కడా లేదు, ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

"పాక పోయింది, సరేనండి, మా రాత. అమ్మాయి పెద్దదయింది బాబూ. మీ అమ్మ కోర్టులో అబద్ధమాడి మీ నాన్న కష్టమంతా పోగొట్టిందని వాళ్ళ పెదనాన్నగారోళ్ళు దానికి నూరిపోశారు. నాతో సరిగ్గా మాట్లాడదు. ఆడలేదే అంటే నమ్మదు. మీరు చదువుకున్నోళ్ళు, మీరొక్క మాట చెబితే నమ్ముతుంది. ఐదింటికి కాలేజీ నుంచి వస్తుందండీ, అందాకా ఉంటారా?"

ఉంటానన్నాను. నిజంగానే ఉందామనుకున్నాను. టీ తాగాను, బల్ల మీద కూర్చున్నాను, ఏ మాటతో మొదలుపెట్టాలో మనసులో వల్లె వేసుకున్నాను. మీ అమ్మ ఆడలేదమ్మా అంటే, మరెవరు ఆడారండీ అని ఆ పిల్ల అడుగుతుంది గదా. ఐదుకు పావుగంట తక్కువలో బెజవాడ బస్సు వచ్చి ఎదురుగా ఆగింది. ఆవిడ లోపల చీరలు మడతపెట్టి ఇవ్వడానికి వెళ్ళి ఉంది. ఎక్కేశాను. బస్సు కదిలాక కూడా వెనక్కి చూడలేదు, కాబట్టి ఆవిడ బయటికి వచ్చి చూసిందో లేదో తెలియదు.

ఆవిడ పోయి చాలా కాలమైందని తర్వాత ఎవరో చెప్పగా విన్నాను. ఇప్పుడు బెజవాడ కోర్టు లిఫ్టులతో అంతస్తుల మీద అంతస్తులుగా లేచింది. వాయిదా ఎప్పుడో కక్షిదారు ఫోనుకే సమాచారం వస్తుంది. కట్టలు లేవు, తాళ్ళు లేవు. భర్త పోయిన నెలలోపే ఆడవాళ్ళు ఫైలు చంకన పెట్టుకుని వచ్చి మా ఎదురు కుర్చీలో కూర్చుని, గడువు ఎన్ని రోజులండీ అని అడుగుతున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. మా రోజుల్లో కంటే ఇప్పుడే మేలని, పాతవన్నీ బంగారమని పాడే నా ఈడువాళ్ళతో నేను పోట్లాడుతుంటాను. ఒక్క విషయంలో మాత్రం ఆ కాలమే నయమనిపిస్తోంది. అప్పట్లో తీర్పంటే లావుపాటి పుస్తకంలో, వకీళ్ళ బీరువాల్లో ఉండేది, నేతగాళ్ళ వీధిలో ఎవరి కంటా పడేది కాదు, కొన్నాళ్ళకు చెదలు తినేది. నిన్న మధ్యాహ్నం ఆవిడ పేరు ఫోనులో కొట్టి చూశాను. రెండు తీర్పులూ వచ్చాయి, పాతదీ, కొత్తదీ. రెండింటిలోనూ ఆవిడ అబద్ధమాడిన మనిషే. చదివి వివరించానని సంతకం చేసినవాడి పేరు రెండింటిలోనూ లేదు. ఆవిడ కూతురికి ఇప్పుడు యాభై దగ్గర పడుతుంటాయి. తల్లి పేరు దానికి తెలుసు, ఫోనూ ఉండే ఉంటుంది.